పడిపోయాక మొదటి గంటలో ఏం చేయాలి

నా బైబిలు వెనక అట్ట లోపలి వైపు ఏడు తేదీలు ఉన్నాయి. ప్రతి తేదీ పక్కనా ఒకటే మాట: "ప్రభువా, ఇదే చివరిసారి." మొదటిది నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో రాసి కింద సంతకం కూడా పెట్టాను. ఏడోది పెన్సిలుతో రాశాను. పెన్సిలు ఎందుకు తీసుకున్నానో రాస్తున్నప్పుడే నాకు తెలుసు. తర్వాత ఎవరైనా ఆ బైబిలు అడిగి తీసుకుంటారేమోనని భయమేసి, తేదీల మీద తెల్ల కాగితం అతికించేశాను.

ఆ అలవాటేమిటో ముందే చెప్పేస్తాను. లేకపోతే చివరిదాకా డొంకతిరుగుడుగానే ఉంటుంది. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోన్‌లో అశ్లీల వీడియోలు చూడటం. పదకొండేళ్లు. అందులో తొమ్మిదేళ్లు నేను సండే స్కూల్ టీచర్ని. యోసేపు తన వస్త్రం యజమాని భార్య చేతిలోనే వదిలేసి బయటికి పారిపోయిన కథ పిల్లలకు ఏటా చెప్పేవాణ్ణి. "టీచర్, యోసేపు మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదా?" అని ఒక పాప అడిగింది ఒకసారి. జైల్లో వేశారమ్మా అని చెప్పి ముందుకు వెళ్లిపోయాను. ఆ రాత్రే నేను మళ్లీ ఫోన్ పట్టుకున్నాను.

మీది ఇదే కానక్కర్లేదు. తాగుడు కావచ్చు, పందాలు కావచ్చు, నోటి దురుసు, అబద్ధాలు, ఊరికే కొనేయడం, ఏదైనా కావచ్చు. నేను చెప్పేదాంట్లో చాలావరకు వాటికీ పనికొస్తుంది. మద్యం, మత్తుమందుల విషయంలో మాత్రం ఒక తేడా ఉంది, అది తర్వాత చెప్తాను.

ఈ విషయం మీద నేను విన్న ప్రసంగాలన్నీ పడకుండా ఉండటం ఎలాగో చెప్పినవే. నాకు దారి దొరికింది మాత్రం పడ్డాక చేసే పని మార్చుకున్నాకే. అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

మొదటి గంట

నా పద్ధతి ఇలా ఉండేది. పడిపోయేవాణ్ణి. సిగ్గేసేది. ఆ ముఖంతో ప్రార్థనకు ఎలా కూర్చుంటాం? రెండు మూడు రోజులు గడవనిద్దాం, కాస్త మనిషినయ్యాక దేవుని దగ్గరికి వెళ్దాం అనుకునేవాణ్ణి. ఆ రెండు మూడు రోజులూ బైబిలు తెరవను, పాట పాడను, భార్య ఏదైనా అడిగితే విసుక్కుంటాను. మనసు ఎడారిలా ఉండేది. ఆ వెలితికి నాకు తెలిసిన మందు ఒకటే. పైగా "ఎలాగూ ఈ వారం పాడైపోయింది కదా" అని ఒక దిక్కుమాలిన లెక్క. అలా ఒక్కసారి పడటం నాలుగుసార్లయ్యేది. తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే అర్థమైంది: మొదటిసారి పడేసింది కోరిక. మిగతా మూడుసార్లు పడేసింది సిగ్గు.

ఆదాము చేసింది ఇదే. పండు తిన్నాక చెట్ల మధ్య దాక్కున్నాడు. దేవుడు వచ్చి "నీవు ఎక్కడ ఉన్నావు" అన్నాడు. నేను పదకొండేళ్లు ఆ చెట్ల మధ్యే కాపురం పెట్టాను. దావీదు కూడా 32వ కీర్తనలో, తాను నోరు విప్పనన్నాళ్లూ ఎముకలు క్షీణించాయని రాసుకున్నాడు. ఒప్పుకున్న తర్వాత అలా రాయలేదు. మౌనంగా ఉన్న రోజుల గురించే రాశాడు.

కాబట్టి పడిన వెంటనే, అంటే ఆ గంటలోనే, మొదట ఆ చోటు నుంచి లేవండి. మంచం మీద ఉంటే దిగండి, లైటు వేయండి, ముఖం కడుక్కోండి. చీకట్లో పడుకుని చేసే ఒప్పుకోలు మళ్లీ చీకట్లోకే జారుతుంది, నాకు అనుభవమే.

తర్వాత నోరు తెరిచి, పేరుపెట్టి చెప్పండి. "ప్రభువా, నా బలహీనతలను క్షమించు" అనే మాట నేను కొన్ని వందలసార్లు అని ఉంటాను. అందులో నేను ఒక్క పాపం కూడా ఒప్పుకోలేదు. ఒప్పుకోలు అంటే ఇలా ఉండాలి: "రాత్రి పదకొండున్నరకి ఫోన్ తీసుకున్నాను. అలారం పెడుతున్నానని నా భార్యతో అబద్ధం చెప్పాను. నలభై నిమిషాలు చూశాను. మధ్యలో ఒకసారి ఆపేయొచ్చని తట్టింది, ఆపలేదు." అంతే. వంకలు వద్దు, విశేషణాలు వద్దు. ఏడుపు వస్తే ఏడవండి, రాకపోతే తెప్పించుకోవద్దు. మనం ఒప్పుకుంటే క్షమించడానికి ఆయన నమ్మదగినవాడు, నీతిమంతుడు అని యోహాను మొదటి పత్రిక 1:9లో ఉంది. ఎంత ఏడ్చామన్న షరతు అక్కడ లేదు.

ఒట్టు పెట్టుకోవద్దు. ఇది చాలామందికి నచ్చదని తెలుసు. ఆ ఏడు తేదీల తర్వాత నేను ఎనిమిదోది రాయలేదు. "ఇక జీవితంలో చేయను" అన్న మాట ఆ క్షణంలో సిగ్గుకు ఉపశమనం ఇస్తుంది తప్ప రేపు రాత్రి పదకొండుకి చేసేదేమీ లేదు. దాని బదులు రోమా పత్రిక 7వ అధ్యాయం చివర నుంచి 8వ అధ్యాయం మొదటి వచనం దాకా పైకి చదవండి. చేయగోరని కీడే చేస్తున్నానని మొత్తుకున్న మనిషి, "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను" అన్న మనిషి, నాలుగు వాక్యాలు తిరక్కుండానే క్రీస్తుయేసులో ఉన్నవారికి శిక్షావిధి లేదంటాడు. మధ్యలో మూడు రోజుల విరామం తీసుకోలేదు.

ఆ తర్వాత ఒక మనిషికి మెసేజ్ పెట్టండి (దీని గురించి కిందే చెప్తున్నాను). పడుకోండి. పొద్దున్నే లేచి రోజూ చదివే చోటు నుంచే చదవండి.

ఇలా చేస్తే క్షమాపణ చులకనైపోదా అని ఒకాయన నన్ను గట్టిగానే అడిగారు. కృప విస్తరించాలని పాపంలోనే ఉంటామా అని పౌలు కూడా ఆ ప్రశ్న వేసుకున్నాడు, వెంటనే కాదన్నాడు. నేను చెప్పగలిగింది ఒక్కటే. మూడు రోజులు ముఖం చాటేసి, తర్వాత గంభీరంగా ప్రార్థన చేసిన కాలంలో నాకు పాపం చాలా సులువుగా ఉండేది. రాత్రి పన్నెండున్నరకి లైటు వేసుకుని, జరిగింది టైముతో సహా పైకి చెప్పడం మొదలుపెట్టాక అంత సులువుగా లేదు.

ఆ ఒక్క మనిషి

మా సంఘంలో నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన ఒకరున్నారు. అన్నా అని పిలుస్తాను. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, కుర్చీలు సర్దుతున్నప్పుడు, "అన్నా, ఒక ఐదు నిమిషాలు మాట్లాడాలి" అన్నాను. బయట బల్ల మీద కూర్చున్నాం. ఐదు నిమిషాలు మైకు సెట్ గురించి మాట్లాడాను. ఇంకో పది నిమిషాలు పిల్లల పరీక్షల గురించి. ఆయన చేతిగడియారం చూసుకోలేదు. చివరికి నేల వైపు చూస్తూ మొత్తం చెప్పేశాను.

నెత్తిన చేతులు పెట్టి గట్టిగా ప్రార్థన చేస్తాడనుకున్నాను. లేదా "నువ్వా?" అంటాడనుకున్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "పడుకునేటప్పుడు ఫోన్ ఎక్కడ పెట్టుకుంటావు తమ్ముడూ?" అని అడిగాడు.

"దిండు కింద."

"ఎందుకు?"

"అలారం కోసం అన్నా."

"అలారం గడియారం కొనుక్కో."

తర్వాత ప్రార్థన చేశాడు. రెండు వాక్యాలు. నాకు కొంచెం నిరాశగానే అనిపించింది, నిజం చెప్పాలంటే. పదకొండేళ్ల గోడు వెళ్లబోసుకుంటే గడియారం కొనుక్కోమంటాడా అని. కానీ ఆ సాయంత్రమే కొన్నాను. కీ ఇచ్చే రకం, టిక్కుటిక్కుమని రాత్రంతా చప్పుడు చేస్తుంది.

పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండి, స్వస్థత పొందేలా ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేయండి అని యాకోబు 5:16 చెబుతోంది. క్షమాపణ దేవుని దగ్గర ఒంటరిగా అడిగినా దొరుకుతుంది. రహస్యం పగలాలంటే మాత్రం ఇంకో జత చెవులు కావాలి. నా అలవాటుకు తిండి వీడియోల కంటే ఎక్కువగా రహస్యమే పెట్టింది.

ఎవరితో చెప్పాలో జాగ్రత్తగా చూసుకోండి. మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో. మీకంటే విశ్వాసంలో కొంచెం ముందున్నవాళ్లు. ఇతరుల సంగతులు మీ దగ్గర చెప్పే అలవాటు ఉన్నవాళ్లయితే వద్దు, మీ సంగతి కూడా అలాగే వెళ్తుంది. అదే అలవాటుతో అదే లోతులో ఉన్న స్నేహితుడు జాలి పడతాడు కానీ పైకి లాగలేడు. సాక్ష్యం చెప్పే సమయంలో సంఘం మొత్తం ముందు బయటపెట్టడం మొదటి మెట్టు కానే కాదు. అక్కడ మనం మన కథకు మంచి ముగింపు పెట్టి చెబుతాం, అది ఇంకా రాకపోయినా.

అన్న ఇంకో మాట కూడా అన్నాడు: ఆరు నెలలు సండే స్కూల్ పక్కన పెట్టు అని. అది గడియారం కంటే ఎక్కువ బాధించింది. పెట్టాను.

ఎప్పుడు, ఎక్కడ

ఒక నెల రోజులు చిన్న పుస్తకంలో రాశాను. పడిన రోజులే కాదు, దగ్గరదాకా వెళ్లి తప్పించుకున్న రోజులు కూడా. టైము, చోటు, ఆ రోజు ఏం జరిగింది. పదమూడు నమోదులు వచ్చాయి. పదకొండు, రాత్రి పదకొండు దాటాకే. అది ఊహించిందే. ఊహించనిది ఇంకొకటి ఉంది: నాలుగు ఆదివారం రాత్రులు. ఆరాధన బాగా జరిగిన రోజు, పిల్లలు పాట బాగా పాడిన రోజు, నలుగురూ మెచ్చుకున్న రోజు.

అప్పుడు ఏలీయా ప్రవక్త గుర్తొచ్చాడు. కర్మెలు కొండ మీద అగ్ని దిగొచ్చిన తర్వాతే కదా ఆయన అరణ్యంలో బదరీ చెట్టు కింద కూర్చుని చచ్చిపోతానన్నది. దేవదూత వచ్చి ముందు ఉపదేశం చేయలేదు. లేచి తినమన్నాడు. మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ తినమన్నాడు. ఆదివారం రాత్రి నేను తొమ్మిదిన్నరకల్లా పడుకోవడం మొదలుపెట్టింది ఆ కథ వల్లే. నిద్రను ఆత్మీయమైన విషయంగా నేను అంతకుముందు ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

దావీదు సంగతి కూడా చూడండి. రాజులు యుద్ధానికి వెళ్లే కాలంలో ఆయన యెరూషలేములో ఉండిపోయాడు. సాయంత్రం పడక మీద నుంచి లేచి మిద్దె మీద తిరుగుతున్నాడు. ఆయన పాపం చేసిన పరాయివాడి భార్య బత్షెబ ఇంకా కథలోకి రాలేదు, సగం పని అప్పటికే అయిపోయింది. మీ పుస్తకంలో కూడా అలాంటి మిద్దె ఒకటి కనబడుతుంది. దాన్నే మూసేయాలి.

దీనికి పౌలు వాడిన మాట నాకు చాలా ఇష్టం. రోమా 13:14లో శరీరేచ్ఛలను నెరవేర్చుకొనుటకు శరీరము విషయమై "ఆలోచన చేసికొనకుడి" అంటాడు. అంటే ముందస్తు ఏర్పాట్లు చేసిపెట్టకండి అని. దిండు కింద ఫోన్ ఒక ఏర్పాటు. "అలారం కోసం" అన్నది దానికి పెట్టిన ముద్దుపేరు. ప్రాచీన క్రైస్తవ బోధకుడు అగస్టీను 386లో మిలాను నగరంలో ఒక తోటలో కూర్చుని, ఏళ్ల తరబడి వదలని కోరికలతో విసిగిపోయి ఏడుస్తూ, పుస్తకం తెరిచి చదివింది సరిగ్గా ఈ భాగమే. అంతకుముందు కుర్రతనంలో ఆయన చేసిన ప్రార్థన ఒకటుంది: నాకు పవిత్రత ఇవ్వు, కానీ ఇప్పుడే వద్దు అని. అది చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత నా పెన్సిలు గుర్తొచ్చింది.

ఏర్పాట్లు తీసేయడమంటే నా విషయంలో ఇవి: ఫోన్ హాల్లో, చెప్పుల అర పక్కన చార్జింగ్‌లో. రాత్రి పదింపావు తర్వాత దాన్ని ముట్టుకోను. బ్లాక్ చేసే యాప్ పెట్టి, పాస్‌వర్డ్ అన్న చేత పెట్టించాను. ఒంటరిగా ఊరెళ్లి బస చేయాల్సి వస్తే ముందే అన్నకు చెప్తాను. వీటిలో గొప్ప ఆత్మీయత ఏమీ లేదు. తలుపుకి గొళ్లెం పెట్టడంలో ఎంత ఉంటుందో అంతే.

ఆ క్షణంలో

అన్ని గొళ్లేలూ పెట్టినా కోరిక వస్తుంది. రావడం పాపం కాదు, యేసుకే వచ్చింది శోధన. నేనేం చేసేవాణ్ణంటే, ఫోన్ చేతిలో పట్టుకునే మోకరించి, "ప్రభువా, ఈ కోరిక తీసేయి" అని ప్రార్థించేవాణ్ణి. కళ్లు తెరిచేసరికి కోరికా ఉండేది, ఫోనూ ఉండేది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10:13లో, శోధనతో పాటు తప్పించుకొను మార్గము కూడా దేవుడు కలుగజేస్తాడని ఉంది. ఆ మార్గం చాలాసార్లు గది తలుపే. ముందు లేచి బయటికి నడవండి, ప్రార్థన నడుస్తూ చేయండి.

వాక్యం వాడటం గురించి ఒక మాట. అరణ్యంలో 40 రోజుల ఉపవాసం తర్వాత యేసు సాతానుకు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండం నుంచే, 6, 8 అధ్యాయాల నుంచే. అదీ ఏ ప్రశ్నకు ఆ జవాబు. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో బతికిన ఎవాగ్రియస్ అనే సన్యాసి దీన్నే పద్ధతిగా చేసుకుని, ఏ తలంపు వస్తే ఏ వచనం చెప్పాలో దాదాపు 500 జవాబులు కూర్చిపెట్టాడు. మీకు 500 అక్కర్లేదు. మీ శోధన మీతో చెప్పే అబద్ధం ఏమిటో కనిపెట్టండి, దానికి ఒకటి చాలు. నాది "ఈ రోజంతా కష్టపడ్డావు, ఇది నీకు రావాల్సిందే" అనేది. దానికి మత్తయి 11:28: ప్రయాసపడి భారం మోసుకునే వాళ్లకు విశ్రాంతి ఇస్తానన్నవాడు వేరే ఒకరున్నారు. ఈ వచనం చీటీ మీద రాసి గడియారం వెనక అంటించాను. కోరిక నాకు సాధారణంగా ఇరవై నిమిషాల్లో దిగిపోయేది. ఆ ఇరవై నిమిషాలు కదులుతూ ఉండాలి, అంతే.

ఖాళీ ఇల్లు

ఊడ్చి అలంకరించిన ఇంట్లో ఎవరూ లేకపోతే, వెళ్లిపోయిన అపవిత్రాత్మ ఇంకో ఏడుగురిని వెంటబెట్టుకుని తిరిగొస్తుందని యేసు చెప్పాడు. ఫోన్ హాల్లోకి వెళ్లాక నాకు పదింపావు నుంచి పదకొండున్నర దాకా చేయడానికి ఏమీ లేకపోయింది. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేది.

కీర్తనలు చేత్తో రాయడం మొదలుపెట్టాను. నోటు పుస్తకం, ఇంకు పెన్ను. రాత్రికి ఒక కీర్తన, పెద్దదైతే ముక్కలుగా. 119వ కీర్తనకు ఇరవై రెండు రాత్రులు పట్టింది. అందులో 176 వచనాలు, హెబ్రీ అక్షరమాలలోని 22 అక్షరాల వరుసన, ఒక్కో అక్షరానికి ఎనిమిదేసి. రాత్రికి ఎనిమిది చొప్పున రాశాను. ఐదో రాత్రి, 37వ వచనం: "వ్యర్థమైనవాటిని చూడకుండ నా కన్నులు త్రిప్పివేయుము." ఎన్నోసార్లు చదివిన వచనమే. చేత్తో రాస్తున్నప్పుడు "త్రిప్పివేయుము" అన్న మాట దగ్గర పెన్ను ఆగిపోయింది. నా కళ్లు నేను తిప్పుకుంటానని కాదు, నువ్వు తిప్పు అని అడుగుతున్నాడు. ఆ రాత్రి మిగతా మూడు వచనాలు రాయలేదు, మర్నాడు రాశాను.

మీకు రాయడం నచ్చకపోతే పాడండి, నడవండి, ఎవరికైనా సేవ చేయండి. అదే సమయంలో చేయాలి, అది ముఖ్యం.

రోజులు లెక్కపెట్టడం

నేను మానేశాను. 41 రోజులు నిలబడి 42వ రోజు పడితే, లెక్క సున్నాకి వచ్చిందన్న దిగులే నన్ను మళ్లీ చెట్ల మధ్యకు తోసేది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మంది కొత్త అలవాటు చేసుకుంటుంటే గమనించి రాశారు. కుదురుకోవడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు పట్టేలా తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన చెప్పుకోదగ్గ నష్టమేమీ కనబడలేదట. అది మంచి అలవాట్ల గురించి చేసిన పరిశోధన, పాపం గురించి కాదు. అయినా నీతిమంతుడు ఏడుసార్లు పడినా తిరిగి లేస్తాడన్న సామెతలు 24:16 దాని పక్కన పెట్టి చదువుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

ఒకే ప్రార్థనతో విడుదల పొందినవాళ్లు ఉన్నారు, వాళ్ల సాక్ష్యాలు నేను నమ్ముతాను. నాకు అలా జరగలేదు. చాలాకాలం అది నా విశ్వాసలోపమని మథనపడ్డాను. మొదటి ఏడాది ఐదుసార్లు పడ్డాను. ఒక్కసారి కూడా మూడు రోజులు దాక్కోలేదు.

ఇంట్లో చెప్పడం, డాక్టరు దగ్గరికి వెళ్లడం

అన్నతో చెప్పిన మూడు వారాలకు నా భార్యకు చెప్పాను. అన్న ముందే హెచ్చరించాడు: నీ బరువు దించుకోవడానికి చెప్పకు, ఆమెకు తెలిసే హక్కు ఉంది కాబట్టి చెప్పు అని. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఒకటే అడిగింది: "పిల్లలు ఆ ఫోన్‌తో ఆడుకుంటారు కదా?" నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆమె నమ్మకం తిరిగి రావడానికి ఏడాదిన్నర పట్టింది, తొందరపెట్టే హక్కు నాకు లేదని నేర్చుకోవడానికి నాకు దాదాపు అంతే పట్టింది.

మద్యం ఏళ్ల తరబడి రోజూ తాగుతున్నవాళ్లు ఉపవాస ప్రార్థన పెట్టుకుని ఒక్కసారిగా ఆపేయకండి. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో ఆపండి, ప్రార్థన ఆసుపత్రిలో కూడా చేసుకోవచ్చు. అలవాటు వెనక తీవ్రమైన కుంగుబాటు ఉన్నా, చచ్చిపోవాలన్న తలంపులు వస్తున్నా ఆ రోజే వైద్యసాయం తీసుకోండి. మీ అలవాటు వల్ల ఇంట్లో ఇంకొకరు దెబ్బలు తింటుంటే, ముందు వాళ్లు సురక్షితంగా ఉండే ఏర్పాటు, తర్వాతే మీ ఆత్మీయ పోరాటం.

ఇక అన్నకు పెట్టే మెసేజ్ సంగతి. రాత్రి పదింపావుకి, ఫోన్ హాల్లో పెట్టే ముందు, ఒక అంకె పంపుతాను. 1 అంటే బాగానే ఉన్నాను. 2 అంటే ఈ రోజు కష్టంగా ఉంది. 3 అంటే ఇప్పుడే ఫోన్ చెయ్యి. అర్ధరాత్రి పడితే, లైటు వేసుకుని ఉన్నదున్నట్టు రాసి పంపడమే. నాలుగేళ్లుగా ఈ అంకెలు నడుస్తున్నాయి. నిన్న రాత్రి 2 పంపాను. పనిచేసే చోట ఒక మాట పడ్డాను, అది రోజంతా లోపల తిరుగుతూనే ఉంది. 2కి ఫోన్ చేయాలని నియమం లేదు, అయినా అన్న చేశాడు. ఏమైందని అడగలేదు. కీర్తనలు ఎక్కడిదాకా వచ్చాయని అడిగాడు. రెండోసారి మొదలుపెట్టాను, 38 నడుస్తోందని చెప్పాను. "చదువు" అన్నాడు. హాల్లో చెప్పుల అర పక్కన నిలబడి, అప్పటిదాకా రాసినంతవరకు చదివి వినిపించాను.